లాప్‌టాప్ ప్రాసెసరు: వేగము, వేడి, నియమము



మన పాఠశాల కార్యాలయమున జరిగిన యొక సంఘటనతో ఈ పాఠమును ప్రారంభింతును. పదవ తరగతి పరీక్షకు కూర్చుండు ఇరువదిమువ్వురు బాలబాలికల పేర్లను, పుట్టిన తేదీలను, ఫోటోలను ఆన్‌లైనులో పంపవలసిన చివరి దినమది. మన సంఘమువారు ఇల్లిల్లు తిరిగి చందాలు కూర్చి కొనియిచ్చిన లాప్‌టాప్ ఒక్కటియే కార్యాలయమున కలదు. పదునాలుగు పేర్లు పూర్తియైన పిమ్మట ఆ యంత్రము మందగించెను. ఒక్కొక్క అక్షరము తెఱపై కనబడుటకు నాలుగేసి సెకండ్లు పట్టసాగెను. అడుగుభాగము చేయి పెట్టరానంత వేడిగా నుండెను. మఱికొంతసేపటికి అది తనంతట తానే ఆఱిపోయెను.

అంతకు వారము దినములకు ముందు ఒక విద్యార్థి ఆ యంత్రములోని అమరికలను మార్చి, "సార్, దీని వేగమును పెంచితిని" అని సంతోషముతో నాకు చెప్పియుండెను. ఆ మాట నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఉపాధ్యాయులు, తలిదండ్రులు చూచుచుండగా ఆ బాలుని పిలిపించి కఠినముగా మందలించితిని. "తెలియని యంత్రముతో ఆటలాడి ఇరువదిమువ్వురి సంవత్సరమును పాడుచేయ జూచితివి" అంటిని. అతడు బదులు పలుకక తలవంచుకొని నిలిచెను. ఆ సాయంకాలము పూర్వవిద్యార్థి యొకడు తన సొంత యంత్రమును తెచ్చి యిచ్చుటచే గడువులోపల పేర్లన్నియు చేరినవి. కాని నా మందలింపు న్యాయమైనదా కాదా యను ప్రశ్న నన్ను విడువలేదు.

నేను విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడను కాను; తెలుగును సాంఘికశాస్త్రమును బోధించువాడను. అయినను తెలియని దానిని నిందించుట తగదని తలచి, ప్రాసెసరు వేగమనగా నేమి, దానిని పెంచిన నేమగును, తగ్గించిన నేమగును అను విషయములను చదివి తెలిసికొంటిని. నాకు తెలిసినంతవఱకు మీకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పౌనఃపున్యమనగా నేమి?

ఒక పని సెకండునకు ఎన్ని మాఱులు జరుగుచున్నదో తెలుపు సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. దాని కొలమానము హెర్ట్‌జ్. మన పెద్దలు దీనినే సైకిల్సు అనెడివారు. కోలారు జిల్లావారికి ఈ మాట నూతనము కాదు. 1902వ సంవత్సరమున కావేరీనదిపై శివసముద్రమునందు పుట్టిన విద్యుచ్ఛక్తి సుమారు 147 కిలోమీటర్లు తీగలపై ప్రయాణము చేసి కోలారు బంగారు గనులకు వచ్చినది. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలుగుటకు మునుపే మన గనులలో మోటారులు తిరిగినవి. ఆనాటి విద్యుత్తు సెకండునకు 25 సైకిల్సుది. నేడు మన యిండ్లకు వచ్చునది 50 సైకిల్సుది.

ఇందొక ఆలోచింపదగిన విషయము కలదు. 25 సైకిల్సుకై కట్టిన పంకా మోటారును 50 సైకిల్సు విద్యుత్తునకు తగిలించితిమనుకొందము. అది రెండింతల వేగముతో తిరుగ యత్నించును. వేగము రెండింతలైనచో గాలియు రెండింతలు వచ్చును. బాగుగనే యున్నదని తోచును. కాని పంకా తిరుగుటకు కావలసిన శక్తి వేగముయొక్క ఘనముననుసరించి పెరుగును. అనగా వేగము రెండింతలైన, శక్తి రెండును రెండును రెండును గుణింపగా ఎనిమిదింతలు కావలెను. ఆ మోటారు తీగచుట్టు ఎనిమిదింతల భారమునకు చేయబడినది కాదు; కావున అది కాలిపోవును. వేగము కొంచెము, వ్యయము మిక్కుటము అను ఈ సూత్రమును మనసున నుంచుకొనుడు. ప్రాసెసరు విషయమునను మనకిదియే ఎదురగును.

పౌనఃపున్యమును నియమములో నుంచుట ఎంత ముఖ్యమో విద్యుచ్ఛాఖవారిని అడిగినచో చెప్పుదురు. దేశమంతటి విద్యుత్ వలయమున పౌనఃపున్యము 49.90 హెర్ట్‌జ్‌లకును 50.05 హెర్ట్‌జ్‌లకును నడుమ నిలువవలెనని నియమము. వాడకము ఉత్పత్తిని మించినచో అది తగ్గును. ఉత్పత్తి మించినచో హెచ్చును. ఆ స్వల్ప భేదమును గమనించుటకే రాత్రింబగళ్లు మనుష్యులు కూర్చుండి యుందురు.

ప్రాసెసరులోని గడియారము

లాప్‌టాప్ నందు ఆలోచించు భాగము ప్రాసెసరు. అది గోరంత సిలికాన్ పలక. దానిపై కోట్లకొలది ట్రాన్సిస్టరులు చెక్కబడియున్నవి. ట్రాన్సిస్టరు విద్యుత్తును విడుచు, ఆపు చిన్న మీట. ఈ మీటలన్నియు తమ యిచ్చవచ్చినట్లు తెఱచుకొని మూసికొనిన లెక్క తప్పును. కావున వాని నన్నిటిని ఒక తాళముననుసరించి నడుపవలెను. ఆ తాళమును వేయునది యంత్రమునందలి గడియారము.

మీ చేతిగడియారమున క్వార్ట్‌జ్ స్ఫటికము సెకండునకు 32,768 మాఱులు కంపించును. లాప్‌టాపులోని గడియారమునకును మూలము అట్టి స్ఫటికమే. దాని కంపనమునుండి నేటి యంత్రములలో సాధారణముగ 100 మెగాహెర్ట్‌జ్, అనగా సెకండునకు 10 కోట్ల స్పందనముల మూలతాళము తయారగును. ప్రాసెసరు లోపల ఈ తాళమును ఒక సంఖ్యచే గుణింతురు. ఆ గుణకము 24 అయినచో 2,400 మెగాహెర్ట్‌జ్, అనగా 2.4 గిగాహెర్ట్‌జ్ వేగము సిద్ధించును. ఇది సెకండునకు 240 కోట్ల స్పందనములు. ఒక్క స్పందనమునకు పట్టు కాలములో వెలుతురు సహితము 12.5 సెంటీమీటర్లు మాత్రమే పోగలదు. మీ పెట్టెలోని చిన్న కొలబద్ద పొడవైనను వెలుతురు దాటకమునుపే ప్రాసెసరు ఒక అడుగు వేసి రెండవ అడుగున కాలు మోపుచున్నది.

నిర్మాతలు నిర్ణయించిన వేగమునకు మించి ప్రాసెసరును నడుపుటకు ఓవర్‌క్లాకింగు అని పేరు. తగ్గించి నడుపుట అండర్‌క్లాకింగు. వేగమును మార్చక వోల్టేజిని మాత్రము తగ్గించుట అండర్‌వోల్టింగు. గుణకమును మార్చుటయే వీనిలో వాడుకగా నున్న మార్గము.

వేగమునకు హద్దు ఎందులకు?

మన గ్రామమున మిద్దె వేయునపుడు మీరు చూచియుందురు. క్రిందినుండి మీదివఱకు మనుష్యులు వరుసగా నిలిచి సిమెంటు తట్టలను చేతినుండి చేతికి అందించుకొందురు. మేస్త్రి కేక వేయును. కేకకొక తట్ట చేతులు మాఱును. మేస్త్రి కేకలను త్వరపెట్టినకొలది పని త్వరపడును. కాని యొకానొక హద్దు దాటినపిదప, ఒకని చేతికి తట్ట పూర్తిగా అందకమునుపే రెండవ కేక పడును. తట్ట జాఱును, సిమెంటు నేలపాలగును.

ప్రాసెసరులోను ఇదియే జరుగును. ఒక మీట తెఱచుకొని, దాని ఫలితము తరువాతి మీటకు చేరి, స్థిరపడుటకు కొంత కాలము కావలెను. అది స్థిరపడకమునుపే గడియారము మరల కొట్టినచో సున్న యుండవలసినచోట ఒకటి, ఒకటి యుండవలసినచోట సున్న నిలుచును. అప్పుడు యంత్రము ఆగిపోయిన మేలే. ఆగక తప్పు లెక్కను ఒప్పు లెక్కగా చూపినచో మహాపాయము.

దీనికొక ఉపాయము కలదు. వోల్టేజిని పెంచిన మీటలు త్వరగా తెఱచుకొనును. తట్టలందించువారికి కడుపునిండ అన్నము పెట్టి బలము పెంచినట్లన్నమాట. అందుచేత ఓవర్‌క్లాకింగు చేయువారు పౌనఃపున్యముతోబాటు వోల్టేజినిగూడ పెంచుదురు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

వేడి లెక్క

ప్రాసెసరు పనిచేయునపుడు ఖర్చగు శక్తి మూడింటిపై ఆధారపడును. మొదటిది మీటలు, తీగలు నింపుకొను విద్యుదావేశమునకు సంబంధించిన కెపాసిటెన్సు. రెండవది వోల్టేజియొక్క వర్గము. మూడవది పౌనఃపున్యము. ఈ మూడింటి గుణకారమే ఖర్చు. ఖర్చయిన శక్తి యావత్తు కడకు వేడిగా మాఱును.

పలకమీద లెక్క చేసి చూడుడు. పౌనఃపున్యమును నూటికి 20 పాళ్లు పెంచి, అందులకై వోల్టేజిని నూటికి 10 పాళ్లు పెంచితిమి. 1.1ని 1.1చే గుణింప 1.21, దానిని 1.2చే గుణింప 1.452. వేగము 20 పాళ్లు పెరుగగా వేడి 45 పాళ్లు పెరిగినది. ఇప్పుడు వెనుకకు పొండు. పౌనఃపున్యమును 20 పాళ్లు, వోల్టేజిని 10 పాళ్లు తగ్గింపుడు. 0.9ని 0.9చే గుణింప 0.81, దానిని 0.8చే గుణింప 0.648. వేగము 20 పాళ్లు తగ్గగా వేడి 35 పాళ్లు తగ్గినది. వోల్టేజియు పౌనఃపున్యమును సమానముగా పెరిగెనేని వేడి ఘనముననుసరించి పెరుగును. గనులలోని పంకాకును గోరంత ప్రాసెసరునకును సూత్రమొక్కటియే యగుట చూచితిరా!

వేడి ఎట్లు మనుష్యప్రయత్నమునకు హద్దు కట్టునో మన జిల్లావారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఛాంపియన్ రీఫ్ గని భూమిలోనికి 3 కిలోమీటర్లకు పైగా దిగినది. ఆ లోతున రాతి వేడిమి సుమారు 65 డిగ్రీలు. పైనుండి చల్లబఱచిన గాలిని పంపిననే గాని అచ్చట మనుష్యుడు పనిచేయజాలడు. లోతు పెరిగినకొలది గాలిని చల్లబఱచు వ్యయమును పెరిగెను. ఖనిజము తగ్గి, ఖర్చు హెచ్చి, కడకు 2001లో ఆ గనులు మూతబడినవి. మీ తాతలలో పలువురు ఆ వేడిని శరీరముతో ఎఱిగినవారే.

ముప్పదిమూడేండ్ల పరుగు

1971లో ఇంటెల్ సంస్థవారు విడుదల చేసిన 4004 అను ప్రాసెసరున 2,300 ట్రాన్సిస్టరులు కలవు. దాని వేగము 740 కిలోహెర్ట్‌జ్. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వేగము 4.77 మెగాహెర్ట్‌జ్. 1993లో పెంటియం 60, 66 మెగాహెర్ట్‌జ్ వేగములతో వెలువడెను. 2000 మార్చిలో ఎ.ఎం.డి., ఇంటెల్ సంస్థలు రెండు దినముల తేడాతో 1 గిగాహెర్ట్‌జ్ గీటును దాటినవి. 2004లో పెంటియం 4 అను ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్‌జ్‌లకు చేరెను. ముప్పదిమూడు సంవత్సరములలో వేగము ఐదువేల రెట్లు పెరిగినదన్నమాట.

ఇంత పెరిగినను వేడి మితిమీఱకుండుటకు కారణమేమి? ట్రాన్సిస్టరును చిన్నది చేసినకొలది వోల్టేజినిగూడ తగ్గింపవచ్చునని రాబర్ట్ డెనార్డ్ అను శాస్త్రజ్ఞుడు తన మిత్రులతో కలసి 1974లో లెక్కకట్టి చూపెను. వోల్టేజి తగ్గుచుండుటచే, వేగము పెరిగినను ఒక్కొక్క చదరపు మిల్లీమీటరునందలి వేడి యించుమించు సమముగ నుండెను. కాని 2005 ప్రాంతమునకు ఈ దారి మూసికొనిపోయెను. వోల్టేజిని ఇంకను తగ్గించినచో మీటలు సరిగా మూసికొనక, కారుచున్న కొళాయివలె విద్యుత్తును వృథాగా జాఱవిడువసాగినవి. 4 గిగాహెర్ట్‌జ్ పెంటియం 4ను తెత్తుమని చెప్పిన ఇంటెల్ వారు 2004 అక్టోబరులో ఆ ప్రయత్నమును మానుకొనిరి.

అటుపిమ్మట ఒక్క పనివానిని పరుగెత్తించుటకు బదులు పలువురు పనివారిని నియమించు పద్ధతి వచ్చెను. ఒకే పలకపై రెండు, నాలుగు, ఆఱు, ఎనిమిది కోర్‌లు ఏర్పడినవి. చెన్నపట్టణమున జన్మించిన అనంత చంద్రకాసన్ అమెరికాలో పరిశోధన చేయుచు, 1992లోనే తన సహచరులతో కలసి, వోల్టేజిని తగ్గించి పనిని పలుభాగములకు పంచినచో తక్కువ శక్తితో అంతే పని సాగునని విశదీకరించియుండెను. మనకు సుమారు డెబ్బది కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరిలో ఇంటెల్ సంస్థయొక్క ఇంజనీర్లు రూపొందించిన జియాన్ 7400 శ్రేణి ప్రాసెసరు 2008 సెప్టెంబరులో విడుదలయ్యెను. దానియందు ఆఱు కోర్‌లు, 190 కోట్ల ట్రాన్సిస్టరులు కలవు. ఇట్టి పని ఎక్కడనో జరుగుననుకొనవలదు; మీ బస్సు దాటిపోవు దారిలోనే జరుగుచున్నది.

లాప్‌టాప్ తన వేగమును తానే మార్చుకొను విధము

బల్లపై నుంచు పెద్ద కంప్యూటరునకు పెద్ద పంకా, విశాలమైన పెట్టె కలవు. లాప్‌టాపునకు అవి లేవు. పలుచని లాప్‌టాప్ ప్రాసెసరునకు 15 వాట్ల వేడిని మాత్రమే నిరంతరము వెలువరించునట్లు ఏర్పాటు చేయుదురు. పైగా అది బ్యాటరీపై బ్రదుకవలెను. కావున లాప్‌టాపులకే మొదట వేగనియంత్రణము అవసరమయ్యెను.

2000 జనవరిలో ఇంటెల్ వారు స్పీడ్‌స్టెప్ అను ఏర్పాటును తెచ్చిరి. దానితో వచ్చిన ఒక ప్రాసెసరు గోడలోని విద్యుత్తుపై నున్నపుడు 1.6 వోల్టులతో 650 మెగాహెర్ట్‌జ్ వేగమున నడచును. బ్యాటరీపై నున్నపుడు 1.35 వోల్టులతో 500 మెగాహెర్ట్‌జ్‌లకు దిగును. నాడు రెండే మెట్లు. నేడు పదులకొలది మెట్లు కలవు. యంత్రము సెకండునకు అనేకమాఱులు ఎక్కుచు దిగుచు నుండును. మీరు చదువుచు ఊరకున్నపుడు మిక్కిలి క్రింది మెట్టున నుండును. పుట త్రిప్పినంతనే పైకెక్కును. 2008 నవంబరునుండి ఇంటెల్ ప్రాసెసరులలో టర్బో అను మఱియొక ఏర్పాటు వచ్చెను. వేడికి చోటున్నంతవఱకు కొద్దికాలము నిర్ణీత వేగమునకు మించి పరుగెత్తి, వేడి పెరిగినంతనే దిగివచ్చుట దాని స్వభావము. ఇది నిర్మాతలే అనుమతించి, కొలిచి యిచ్చిన ఓవర్‌క్లాకింగు వంటిది.

ఈ మెట్లను ఎక్కించి దించు పనిని లినక్సు అను నిర్వహణ వ్యవస్థయందు గవర్నరు అను భాగము నెఱవేర్చును. పేరు విని ఆశ్చర్యపడవలదు. మన పొలములలోని డీసెలు ఇంజనునకు గవర్నరు కలదు. భారము తగ్గిన ఇంజను విచ్చలవిడిగా పరుగెత్తకుండ, భారము హెచ్చిన ఆగిపోకుండ చమురును తగ్గించి పెంచునది అదియే. జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు 1788లో తిరుగు గుండ్ల గవర్నరును అమర్చెను. పేరును పనియు అక్కడినుండియే వచ్చినవి.

కడపటి రక్షణ మఱియొకటి కలదు. వేడి ప్రాసెసరునకు విధించిన హద్దును, అనగా పెక్కు లాప్‌టాపులలో 100 డిగ్రీల ప్రాంతమును, చేరినంతనే యంత్రము ఎవరి యాజ్ఞకును ఎదురుచూడక తన వేగమును కుదించుకొనును. దీనిని థ్రాట్‌లింగు అందురు. కుదించుకొనినను వేడి తగ్గనిచో యంత్రము తన్ను తానే ఆర్పివేసికొనును. మన కార్యాలయమున జరిగినది ఇదియే.

పరుగెత్తి పాలా, నిలిచి నీరా?

"పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలిచి నీరు త్రాగుట మేలు" అని మన సామెత. ప్రాసెసరు విషయమున ఇది సగము నిజము. 20 పాళ్లు నెమ్మదిగా నడచిన యంత్రము ఒక పనికి 25 పాళ్లు అధికకాలము తీసికొనును. శక్తి 0.648, కాలము 1.25, గుణింప 0.81. పని అదియే, ఖర్చు 19 పాళ్లు తక్కువ. ఇంతవఱకు సామెత గెలిచినది. కాని యంత్రము మేలుకొనియున్నంతసేపు తెఱ, జ్ఞాపకభాగము, జాఱిపోవు విద్యుత్తు వృథాగా ఖర్చగుచునే యుండును. కావున మిక్కిలి నెమ్మదిగా నడచుటకంటె, పనిని తగినంత వేగముతో ముగించి త్వరగా నిద్రించుట కొన్నివేళల లాభము. అతివేగమును కాదు, అతిమాంద్యమును కాదు; పనినిబట్టి వేగమనునదే నియమము.

ఓవర్‌క్లాకింగు చేయవచ్చునా?

కొందఱు దీనిని పందెముగా చేయుదురు. 2011లో ఎ.ఎం.డి. సంస్థవారు ద్రవరూప హీలియమును, నత్రజనిని ఉపయోగించి తమ ప్రాసెసరును 8.429 గిగాహెర్ట్‌జ్‌లకు చేర్చి గిన్నిస్ గ్రంథమునకు ఎక్కిరి. ద్రవ నత్రజని మనకు ఎఱుకయే. పాడిపశువులకు కృత్రిమ గర్భధారణకై పశువైద్యశాలలలో వీర్యమును నిలువయుంచు డబ్బాలలో నుండునది అదియే. దాని వేడిమి సున్నకు 196 డిగ్రీలు దిగువ. అట్టిదానిని పోయుచు నడపిన వేగము కొన్ని నిమిషముల ముచ్చట; నిత్యవ్యవహారమునకు పనికివచ్చునది కాదు.

లాప్‌టాపున నిత్యము ఓవర్‌క్లాకింగు చేయుట నాకు ఉచితముగా తోచలేదు. మొదటి కారణము, పెక్కు లాప్‌టాప్ ప్రాసెసరుల గుణకమునకు నిర్మాతలు తాళము వేసియుంచిరి. ఆటలకై చేసిన కొన్ని ఖరీదైన యంత్రములకే ఆ తాళముండదు. రెండవది, వేడిని వెలువరించు దారి ఇఱుకు. మూడవది, అధిక వోల్టేజి, అధిక వేడి ఏకకాలమున పనిచేసి ప్రాసెసరులోని సన్నని లోహపుతీగలను క్రమముగా అరుగదీయును. నాలుగవది, తప్పులు కంటికి కనబడకుండ దొర్లును. పిల్లవాని పుట్టినతేదీలో ఒక అంకె మాఱిన దానిని ఎవరు కనుగొందురు?

వోల్టేజిని తగ్గించు అండర్‌వోల్టింగు లాప్‌టాపునకు హితమైనదని పలువురు వాడుచుండిరి. కాని 2019లో ఐరోపా విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఒక ప్రమాదమును చూపిరి. దుర్బుద్ధి గలవాడు యంత్రముపై పూర్తి యధికారము చేజిక్కించుకొని, వోల్టేజిని కావలసిన క్షణమున తగ్గించి, లెక్కలలో తప్పులు పుట్టించి, ప్రాసెసరు దాచిన రహస్యములను రాబట్టవచ్చునని తేలినది. అప్పటినుండి పెక్కు యంత్రములలో ఆ దారిని మూసివేసిరి. ఇట్లు యంత్రమునకు వేసిన ప్రతి తాళమునకును ఒక కారణము కలదు. అది తెలిసికొనకమునుపు దానిని పగులగొట్టరాదు.

సంఘటనకు ముగింపు

వారము దినముల పిమ్మట కోలారునుండి వచ్చిన మరమ్మతుదారు మన లాప్‌టాపును విప్పెను. పంకాకెదుట వేడిని విడుచు సన్నని రేకులనడుమ దుమ్ము దూదిపరుపువలె అట్టకట్టియుండెను. ప్రాసెసరుపై వేడిని అందించు లేపము ఎండి పెళుసై యుండెను. "సార్, దీని అడుగున గుడ్డ పఱచితిరా?" అని అతడు అడిగెను. పఱచినది నేనే. చందాలతో కొన్న వస్తువు గీతలు పడరాదని, కుట్టుపని చేసిన దళసరి గుడ్డను దానిక్రింద మడచి వేసియుంచితిని. గాలి లోనికిపోవు రంధ్రములు అడుగుననే యున్నవని నాకు తెలియదు. రెండేండ్లుగా ఆ యంత్రమునకు నేను ఊపిరి సలుపనీయలేదు.

మఱి ఆ బాలుడు చేసినదేమి? గుణకమునకు తాళమున్నందున అతడు నిజముగా ఓవర్‌క్లాకింగు చేయలేదు; చేయజాలడు కూడ. యంత్రము క్రింది మెట్లకు దిగకుండ, ఎల్లప్పుడు అధిక వేగముననే యుండునట్లు అమరికను మార్చెను. అది అనవసరమైన పనియే. కాని గాలి ఆడుచున్నచో యంత్రము దానిని సహించియుండెడిది. అతని దోషము కొంచెము, నాది అధికము. దుమ్ము దులిపి, లేపము మార్చి, గుడ్డ తీసివేసిన పిమ్మట 98 డిగ్రీలవద్ద 800 మెగాహెర్ట్‌జ్‌లకు కుదించుకొనిపోయిన యంత్రము 74 డిగ్రీలవద్ద 2.4 గిగాహెర్ట్‌జ్‌లతో నిలుకడగా నడచినది. పైసా ఖర్చులేని వేగవర్ధనము ఇదియే.

మఱునాడు ప్రార్థనాసమయమున, పదిమంది ఎదుట మందలించినందున పదిమంది ఎదుటనే నా పొరపాటును చెప్పుకొంటిని. ఆ బాలుడు నేడు మన యంత్రమునకు సంరక్షకుడు. వేసవి మధ్యాహ్నములందు పవర్ ఆప్షన్స్ అను చోట మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99కి తగ్గించి టర్బోను ఆపుట, మూడు మాసములకొకమాఱు పంకా శుభ్రపఱపించుట అతని విధులు.

ఒక్క మాట చెప్పి ముగింతును. ఆ బాలుడు ఈ విద్యను ఆంగ్లమున చెప్పెడి వీడియోలనుండి సగము అర్థమై సగము అర్థముగాక నేర్చెను. నేనో, అసలు నేర్వనే లేదు. తెలిసిన భాషలో చెప్పువారు లేనపుడు పిల్లలు ప్రమాదములో పడుదురు. పెద్దలు అన్యాయము చేయుదురు. ఈ విషయమును తెలుగున వ్రాయుటకు నేను పూనుకొనుటకు కారణమిదియే. మీరు ఇంతకంటె బాగుగా వ్రాయవలెనని నా కోరిక.

అభ్యాసము

1. మూలతాళము 100 మెగాహెర్ట్‌జ్, గుణకము 18 అయినచో ప్రాసెసరు వేగమెంత? గుణకమును 21 చేసిన నూటికి ఎన్ని పాళ్లు పెరుగును?
2. 650 మెగాహెర్ట్‌జ్, 1.6 వోల్టులనుండి 500 మెగాహెర్ట్‌జ్, 1.35 వోల్టులకు దిగిన ప్రాసెసరు ఖర్చు మునుపటి ఖర్చులో నూటికి ఎన్ని పాళ్లు?
3. పంకా వేగము ఒకటిన్నర రెట్లయినచో దానికి కావలసిన శక్తి ఎన్ని రెట్లు?
4. తప్పు లెక్క చూపు యంత్రముకంటె ఆగిపోవు యంత్రము మేలనుటకు కారణమును మీ మాటలలో వ్రాయుడు.
5. మీ యింటిలో వేడెక్కు యంత్రములేవి? వానిలో గాలిదారిని మూసియుంచినవి ఎన్ని? చూచి వచ్చి తరగతిలో చెప్పుడు.

జవాబులను వ్రాసి తెచ్చినవారి కాగితములను దిద్ది గోడపత్రికయందు ఉంచెదము.

— ప్రధానోపాధ్యాయుడు, సుగటూరు